పిస్టన్లు లేని కారు

మా కారు రోడ్ కం రైలు బ్రిడ్జి మీద ఆగిపోయిన రోజున స్టీరింగ్ పట్టుకుని ఉన్నది మా అత్తగారు. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. పక్క సీట్లో నేను, ఒళ్ళో ప్రసాదం గిన్నె. కొవ్వూరులో బంధువుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం చూసుకుని రాజమండ్రి తిరిగొస్తున్నాం. పదకొండు గంటల ఎండ. బ్రిడ్జి రాజమండ్రి వైపు దిగబోయే చోట ముందున్న ఆటోల వరస నెమ్మదించింది. అత్తగారు యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు. ఇంజిన్ రెండుసార్లు తడబడింది, వెనక నల్లటి పొగ వదిలింది, ఆగిపోయింది. కారు నిండా పెట్రోల్ వాసన.

తాళం తిప్పితే స్టార్టర్ గిరగిరా తిరుగుతోంది గాని ఇంజిన్ అందుకోవడం లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. నిమిషంలో కారు చుట్టూ పదిమంది చేరారు. ఒకాయన బానెట్ మీద చెయ్యి వేసి, "బోరుకొచ్చేసిందండీ ఇంజిన్" అని తేల్చేశాడు. ఇంకొకాయన కిటికీలోకి వంగి, "ఈ వయసులో మీకెందుకండి మామ్మగారూ ఈ అవస్థ, ఆటో ఎక్కితే పోయేదిగా" అన్నాడు.

అత్తగారు అద్దం పూర్తిగా దించారు.

"తోసేవాళ్ళు వెనక్కి వెళ్ళండి. సలహాలు చెప్పేవాళ్ళు దారివ్వండి. ట్రాఫిక్ ఆగిపోయింది."

ఆ గొంతులో కోపం లేదు. బడిలో పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతు అది. నలుగురు నిజంగానే వెనక్కి వెళ్ళి తోశారు. ఆవిడ స్టీరింగ్ తిప్పుకుంటూ, పల్లంలో బ్రేకు చూసుకుంటూ కారుని కింద రోడ్డు పక్కకి చేర్చి, చేతులు జోడించి అందరికీ నమస్కారం పెట్టారు. నేను కారు దిగి ప్రసాదం గిన్నె మూత తీశాను. తోసిన నలుగురికీ పెట్టాను. సలహా చెప్పినాయన కూడా చెయ్యి చాపాడు. పెట్టాను.

ఆ కారు సంగతి చెప్పాలి. మా మామగారు ఓడల్లో ఇంజినీరు. ఆ ఉద్యోగం వదిలేసి వచ్చేటప్పుడు జపాన్‌లో కొన్న ఒక చిన్న ఎర్ర కారుని ఓడలో తెచ్చుకున్నారు. అప్పటికి మా ఆయన చిన్నపిల్లవాడు. మామగారే అత్తగారికి డ్రైవింగ్ నేర్పించారు. ఆ రోజుల్లో దానవాయిపేట వీధుల్లో చీరకట్టుకుని కారు నడిపే ఆడమనిషిని చూడటానికి జనం అరుగుల మీదకి వచ్చి నిలబడేవారని ఆవిడే చెప్పారు. ఈ వయసులో కూడా డాక్టరు సర్టిఫికెట్ పెట్టి లైసెన్సు రెన్యువల్ చేయించుకుంటూ వస్తున్నారు. మామగారు పోయి ఆరేళ్ళైంది. ఆ ఆరేళ్ళూ కారు ఆవిడే చూసుకున్నారు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. నన్ను కూడా.

పాతికేళ్ళుగా మేమిద్దరం ఒక వంటింట్లో తిరిగాం. గొడవలు పడలేదు, దగ్గరా కాలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా, పాలవాడు వచ్చాడా, అంతవరకే మా మాటలు. నేను ఊళ్ళోనే ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఉదయం వెళ్ళి సాయంత్రం వస్తాను. ఆవిడ ప్రపంచం ఆవిడది, నా ప్రపంచం నాది.

కారుని తాడు కట్టి లాలాచెరువు వైపు ఒక షెడ్డుకి చేర్చాం. అక్కడి మెకానిక్ యాభై ఏళ్ళ మనిషి, చేతిలో పనున్నవాడని పేరు. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. నాలుగు ప్లగ్గులూ విప్పాడు, కంప్రెషన్ గేజ్ ఒక్కో రంధ్రానికీ పెట్టి చూశాడు. గేజ్ తుడుచుకుంటూ మా వైపు తిరిగాడు.

"నాలుగు సిలిండర్లూ డౌనేనండి. మామూలు బండికి రావాల్సిన దాంట్లో సగం చూపిస్తంది. రింగులు పోయినట్టేనండి."

"ఏ సిలిండర్లు బాబూ?" అన్నారు అత్తగారు.

"ఇయ్యేనండి. నాలుగు ప్లగ్గులు, నాలుగు సిలిండర్లు."

"దీనికి సిలిండర్లు లేవు. పిస్టన్లూ లేవు."

ఆయన నా వైపు చూశాడు. పెద్దావిడకి కాస్త మతి తప్పిందేమో అన్నట్టున్న చూపు. నిజం చెప్పాలి, ఆ క్షణంలో నేనూ అలాగే అనుకున్నాను. పిస్టన్లు లేకుండా పెట్రోల్ కారు ఎలా తిరుగుతుంది?

"ఈ ఇంజిన్ తీసేసి వేరే చిన్న కారు ఇంజిన్ ఎక్కించమంటే ఎక్కిస్తానండి. ఇది మాత్రం ఇంక లేవదండి" అన్నాడాయన.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆయన సంతోషం దాచుకోలేకపోయారు. ఆయన బ్యాంకు ఉద్యోగి. కొత్త కారు బుక్ చేసి రెండు నెలలైంది. మా ఇంటి గేటు లోపల ఒక్క కారుకే చోటు. ఎర్ర కారుకి ఫిట్‌నెస్ పరీక్ష గడువు నలభై రోజుల్లో ఉంది. ఆ పరీక్షకి బండి తన కాళ్ళ మీద తను వెళ్ళకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. ఆయన ఎదురుచూస్తున్నదీ అదే.

"ఇంక చాలమ్మా. తుక్కు కొనేవాడికి ఫోన్ చేశాను. శనివారం షెడ్డు దగ్గరికే వచ్చి తీసుకుపోతాడు."

"నా కారుకి నువ్వెలా ఫోన్ చేస్తావురా?" అన్నారు అత్తగారు.

"మెకానిక్కే చెప్పాడుగా ఇంజిన్ పోయిందని!"

నేను మధ్యలో కలగజేసుకున్నాను. "ఏవండీ, ఇంజిన్ విప్పి చూడకుండా ఎలా చెప్తాడాయన? ఇంకో మాట కనుక్కుంటే పోలా?"

ఆయన నవ్వారు. "టెస్ట్ ట్యూబులు కడిగే ఉద్యోగం నీది. నీకెందుకు ఇంజిన్ల గొడవ?"

ఆయన ఆ మాట సరదాగానే అన్నారు. కాని ఆ మాట నేను ఇరవై రెండేళ్ళుగా రకరకాల నోళ్ళ నుంచి వింటున్నాను. మా ల్యాబ్‌లో పనికిరాదని మూల పడేసిన త్రాసుని నేను విప్పి బాగుచేస్తే, రిపోర్టులో ఇంకొకరి పేరు రాసుకున్నారు. అప్పుడు ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోవాలనిపించలేదు. కంచం తీసి వంటింట్లో పెట్టి, అత్తగారి గదిలోకి వెళ్ళాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో పిలవకుండా ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

"అత్తయ్యగారూ, పిస్టన్లు లేవన్నారు కదా. మరి లోపల ఏముంటుంది?"

ఆవిడ మంచం కింద నుంచి ఒక ట్రంకుపెట్టె లాగమన్నారు. అందులో కారుతో పాటు వచ్చిన రిపేరు పుస్తకం ఉంది. మొత్తం జపాన్ భాష. ఒక్క అక్షరం తెలియదు. కాని బొమ్మలు ఎవరికైనా అర్థమవుతాయి. నడుము దగ్గర కాస్త నొక్కినట్టున్న పొడుగాటి గుండ్రటి గది. అందులో పొట్ట ఉబ్బిన ముక్కోణం ఒకటి తిరుగుతోంది. అలాంటివి రెండు, పక్కపక్కన. ఒక్కో దానికి రెండేసి ప్లగ్గులు.

"ఎందుకో నాకు తెలీదమ్మాయ్" అన్నారావిడ. "మీ మామగారికి అనుమానం వచ్చినప్పుడల్లా ఒక ప్లగ్గు విప్పి, నన్ను తాళం తిప్పమనేవారు. ఆ రంధ్రం దగ్గర చెయ్యి పెట్టి మూడు లెక్కపెట్టేవారు. మూడూ ఒక్కలా ఉంటే, ఇంజిన్ గట్టిదే పద అనేవారు."

స్వీట్ల పెట్టె అట్ట ఒకటి కత్తిరించి ముక్కోణం చేశాను. ఇంకో అట్టలో ఆ గది ఆకారం కోశాను. ముక్కోణాన్ని లోపల పెట్టి వేలితో తిప్పుతూ కూర్చున్నాను. మూడు వైపులు, మూడు మూలలు. మూలల్లో సన్నటి పట్టీలు ఉంటాయని పుస్తకంలో బొమ్మ ఉంది. అవే గాలిని బిగపట్టేది. ముక్కోణం ఒక చుట్టు తిరిగితే ప్లగ్గు ముందు నుంచి మూడు వైపులూ వరసగా వెళ్ళాలి. అంటే మూడు ఊపిర్లు. ఒక మూల పట్టీ విరిగితే ఆ పక్కా ఈ పక్కా ఊపిరి తగ్గిపోతుంది. అప్పుడు మూడూ ఒక్కలా ఉండవు.

"ఆయన లెక్కపెట్టింది ఇదేనండీ!" అన్నాను. అత్తగారు అట్ట ముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు చూడు" అన్నారు. మామగారి మీద ఆవిడకి కోపం రావడం నేను చూసింది అప్పుడే.

శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. "ఇంజిన్‌కి ఒక పరీక్ష చెయ్యాలండి" అంటే మెకానిక్ మొహమాటానికి సరేనన్నాడు. పెట్రోల్ పంపు ఫ్యూజ్ పీకేశాను. ప్లగ్గు వైర్లన్నీ తీసి పక్కకి కట్టాను. మొదటి రోటర్‌కి, అంటే మొదటి ముక్కోణానికి, ఒక ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం ముందు ల్యాబ్ నుంచి తెచ్చుకున్న ఫిల్టర్ పేపర్ ముక్క వేళ్ళతో పట్టుకున్నాను.

"తిప్పండి అత్తయ్యగారూ."

ఫుస్, ఫుస్, ఫుస్. కాగితం మూడుసార్లు ఎగిరింది. మళ్ళీ మూడుసార్లు. ఎక్కడా తేడా లేదు. రెండో రోటర్ దగ్గరా అంతే. కాగితం లయ తప్పలేదు. మెకానిక్ పనిలో ఉన్న కారు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. తనే కాగితం పట్టుకుంటానన్నాడు. ఇచ్చాను.

"గేజ్ తక్కువ చూపించింది కదండీ?" అన్నాడు.

"మీ గేజ్ చెప్పింది తప్పు కాదండి. మామూలు ఇంజిన్‌తో పోల్చి చూశారు, అదే తేడా. పైగా లోపల అంతా పెట్రోల్ నిండిపోయి గోడల మీద నూనె కడుక్కుపోయింది. మూడూ సమానంగా ఉన్నాయంటే పట్టీలు బాగున్నట్టే. జబ్బు ఇంజిన్‌లో లేదు. పెట్రోల్ ఎక్కువ పోస్తున్నదేదో పైన ఉంది."

"కార్బొరేటరా?"

"చూడాలి."

"చప్పుడు బాగున్నంత మాత్రాన బండి నడవదండీ" అన్నాడాయన, కాని ఇదివరకటి ధీమా ఆ గొంతులో లేదు. "కార్బొరేటర్ ఇప్పటివాళ్ళెవరూ ముట్టుకోరండి. ఇంటికి తీసుకుపోతే మీ ఇష్టం."

కారుని మళ్ళీ తాడు కట్టి ఇంటికి తీసుకుపోయాం. శనివారం తుక్కు కొనేవాడు షెడ్డుకి వెళ్ళి ఖాళీ చేతులతో మా ఇంటికొచ్చాడు. గేటు దగ్గర అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఇంట్లో పాత సామానేం లేదు నాయనా" అని మంచినీళ్ళిచ్చి పంపేశారు.

ఆదివారం పెరట్లో బట్టలుతికే బండ మీద పాత దుప్పటి పరిచి కార్బొరేటర్ విప్పాను. గ్యాసు స్టవ్ కట్టేయించాను, దీపం కూడా పెట్టనివ్వలేదు. ప్రతి మరనీ విప్పిన వరసలో ఐస్ ట్రే గళ్ళల్లో పెట్టాను. దానికి పక్కన చిన్న గాజు కిటికీ ఉంది. లోపల పెట్రోల్ మట్టం ఆ అద్దం సగానికి ఉండాలని పుస్తకంలో గీత గీసి ఉంది. మాది అద్దం పైకి పోయింది. మూత తీస్తే అడుగున తెల్లటి పొడి, ఆకుపచ్చ మరకలు. రబ్బరు ముక్కలన్నీ నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి.

ఆ రబ్బరు చూడగానే అనుమానం వచ్చింది. మర్నాడు కాలేజీలో కొలజాడీలో కొంచెం పెట్రోల్, కొంచెం నీళ్ళు పోసి ఊపి నిలబెట్టాను. కింద నీటి మట్టం పోసినదానికంటే పెరిగింది. పెట్రోల్‌లో కలిపిన ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోయిందన్నమాట. ఈ కాలం కార్లకి దాన్ని తట్టుకునే రబ్బరు వేస్తారు. మా కారు పుట్టినప్పుడు ఇలా కలుపుతారని ఎవరూ అనుకోలేదు. అందులోనూ మన గోదావరి గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదు, ఇథనాల్ ఆ తేమని పీల్చుకుని ఇత్తడినీ అల్యూమినియంనీ తినేస్తుంది.

రసాయనాలకి తట్టుకునే రబ్బరు షీటు మూడు వారాలు వెతికాక ల్యాబ్ సామాన్లమ్మే కొట్లో దొరికింది. బ్లేడుతో, పంచ్‌తో ముక్కలు కోసుకున్నాను. పెట్రోల్ పారే సన్న రంధ్రాల జెట్‌లని బ్యూరెట్ మూతి శుభ్రం చేసినట్టే నైలాన్ దారంతో తోమాను. ఉక్కు తీగ పెడితే రంధ్రం పెద్దదైపోతుంది. ఆ పనిలో నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది. పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ మాత్రం పనికిరాదు. దాని కొనకున్న రబ్బరు ముద్దైపోయింది. మెకానిక్‌కి ఫోటో పంపిస్తే సాయంత్రానికి తనే బండి మీద వచ్చాడు. ఏదో పాత కార్బొరేటర్‌లోంచి తీసిన ఇత్తడి వాల్వ్ తెచ్చాడు. "మర సరిపోద్దండి. ఎత్తు తేడా వస్తే వాషర్ వేద్దాం" అని అరుగు మీద కూర్చుని తనే సరిచేశాడు.

ఆయనే ఇంకొకటి కనిపెట్టాడు. కార్బొరేటర్ పక్కన రెండు సన్నటి గొట్టాల మూతుల్లో ఎవరో మరలు బిగించి మూసేశారు. "ఇదేంటండీ ఇది?"

పుస్తకంలో బొమ్మ చూస్తే తెలిసింది. ఈ ఇంజిన్ కొంచెం ఇంజినాయిల్ కావాలని తాగుతుంది. మూలల పట్టీలకి అదే తడి. ఆయిల్ తగ్గిపోతోందని ఎప్పుడో ఏ మెకానిక్కో ఆ దారి మూసేసి ఉంటాడు. అలా మూస్తే ఇంజిన్ ఇన్నాళ్ళు ఎలా బతికింది? అత్తగారిని అడిగాను.

"నేను పెట్రోల్ కొట్టించినప్పుడల్లా స్కూటర్లకి పోసే ఆయిల్ ఒక మూతెడు టాంకులో పోస్తాగా. మీ మామగారు చెప్పారు, నూనె చుక్క లేకుండా దీన్ని తిప్పొద్దని. మావాడు నవ్వేవాడు. పోతే పోనీ అని వాడు చూడకుండా పోసేదాన్ని."

మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మామ్మగారూ, ఆ మూతెడు ఆయిలేనండి దీని ప్రాణం నిలబెట్టింది" అన్నాడు. నేను మరలు తీసేసి గొట్టాలు మళ్ళీ కలిపాను. ప్లగ్గులు తుడిచాం. రంధ్రాల్లో నాలుగు చుక్కలు నూనె వేశాం. అత్తగారు యాక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టి తాళం తిప్పారు.

వీధి వీధంతా తెల్లటి పొగ. ఆ పొగలోంచి ఇంజిన్ అరుపు. మామూలు కారులా ఉండదది, పెద్ద కుట్టుమిషన్ పరుగెత్తినట్టుంటుంది. నేను చప్పట్లు కొట్టేశాను.

నాలుగు నిమిషాలు. అద్దంలో పెట్రోల్ మట్టం మెల్లగా పైకి పాకింది. సగం దాటింది, అంచు దాటింది. నల్లపొగ. తడబాటు. ఆగిపోయింది.

మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా చూశారు. "సరదా తీరిందా ఇద్దరికీ? ఇల్లు తగలబడక ముందే ఆపండి" అని లోపలికి వెళ్ళిపోయారు. ఎదురింటావిడ బాల్కనీలో ఆరేసిన బట్టలు విసురుగా లాక్కుంటోంది. మెకానిక్ బండెక్కాడు. ఫిట్‌నెస్‌కి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. కొత్త వాల్వ్ వేశాం, ఎత్తు కొలిచాం, అయినా పెట్రోల్ ఎందుకు ఆగదు? కార్బొరేటర్ మళ్ళీ ఊడదీసి బండ మీద పెట్టి పక్కనే కూర్చుండిపోయాను. అత్తగారు వచ్చి పీట లాక్కుని కూర్చున్నారు. విడిగా పెట్టిన ఇత్తడి ఫ్లోట్ చేతిలోకి తీసుకున్నారు. పెట్రోల్ మీద తేలుతూ, మట్టం పెరగగానే వాల్వ్‌ని మూసే బుడ్డి అది. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. ఇంకోసారి ఊపారు.

"నీళ్ళున్నాయే ఇందులో."

ఆవిడ పుట్టిల్లు కోనసీమ. కొబ్బరికాయ ఎప్పుడు తెచ్చినా అలా చెవి దగ్గర ఊపి చూడకుండా కొట్టరు. నేను లాక్కుని ఊపాను. నిజమే, లోపల సన్నగా తొణుకుతోంది. ఫ్లోట్ లోపలికి పెట్రోల్ చేరింది. బరువెక్కి మునిగిపోతోంది. మునిగిన ఫ్లోట్ ఏ వాల్వ్‌నీ మూయలేదు.

గిన్నెడు నీళ్ళు మరగబెట్టి పెరట్లోకి తెప్పించి అందులో ఫ్లోట్ ముంచాను. అతుకు దగ్గర నుంచి ముత్యాల్లా బుడగలు వరసగా పైకొచ్చాయి. కంటికి కనపడని రంధ్రం. అక్కడ సూదితో గీత పెట్టుకున్నాను. లోపలి పెట్రోల్ మొత్తం ఆవిరై పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి ముంచాను. రెండు రోజులు ఎండలో పెట్టాను, మళ్ళీ ఊపి చూశాను. చప్పుడు లేదు. అప్పుడు చిన్న చుక్క టంకం పెట్టాను. టంకం ఎక్కువైతే బరువెక్కుతుందని ముందూ వెనకా ల్యాబ్ త్రాసులో తూచాను. నేను బాగుచేసిన త్రాసులోనే.

ఈసారి ఇంజిన్ పట్టుకున్నాక అద్దం దగ్గర నుంచి కదల్లేదు. పెట్రోల్ సగానికి వచ్చి ఆగింది. అయిదు నిమిషాలు. పావుగంట. ఫోన్‌లో మెకానిక్‌ని లైన్లో పెట్టి ఇంజిన్ దగ్గర పట్టుకున్నాను. "వినపడతందండి, వినపడతంది!" అని అవతల అరుస్తున్నాడు.

నాకూ లైసెన్సు ఉంది, ఫిట్‌నెస్ పరీక్షకి నేను నడుపుతానన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. గంజి పెట్టిన నేత చీర కట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఆర్టీఓ ఆఫీసు గ్రౌండ్‌లో అన్నీ లారీలు, ఆటోలు, స్కూలు బస్సులు. కాగితాలు రాసిపెట్టే ఒకాయన మమ్మల్ని చూసి నవ్వుతూ వచ్చాడు. "ఇది పాసవ్వదు మేడం, ఊరికే టైము వేస్టు. మగవాళ్ళెవరూ రాలేదా?"

"మగవాళ్ళకి ఈ కారు నడపడం రాదు" అన్నారు అత్తగారు. అది నిజం. మా ఆయన వేరే కార్లు నడుపుతారు గాని దీన్ని ఎప్పుడూ నేర్చుకోలేదు.

పొగ పరీక్ష మొదటిసారి తప్పింది. చల్లగా ఉన్నప్పుడు పెట్టించడం నా పొరపాటు. "పది నిమిషాలివ్వండి సార్" అని బ్రేకు ఇన్‌స్పెక్టరు గారిని అడిగాను. ఆయన గడియారం చూసుకుని తలూపారు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడిపించి, స్క్రూడ్రైవర్ తీసుకుని పెట్రోల్ పాళ్ళు తగ్గించే మరని పావు చుట్టు లోపలికి తిప్పాను. చుట్టూ డ్రైవర్లు మూగారు. రెండోసారి మిషన్ ఒప్పుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు బానెట్ లోకి వంగి చూస్తూ, "సిలిండర్లు ఎన్నమ్మా?" అని అడిగారు.

"లేవండి."

ఆయన తలెత్తారు. నేను అట్ట ముక్కోణం బ్యాగులోంచి తీసి బానెట్ మీద పెట్టి తిప్పి చూపించాను. కాగితాలు రాసేవాడు కూడా భుజాల మీంచి తొంగిచూశాడు. ఇన్‌స్పెక్టరు గారు తను కూడా రెండుసార్లు వేలితో తిప్పారు. తర్వాత అత్తగారిని గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు కొట్టమన్నారు, బ్రేకు చూశారు, లైట్లు చూశారు, సంతకం పెట్టారు. అంతే. మేళతాళాలేం లేవు. గేటు దాటాక అత్తగారు కారు ఇంటివైపు తిప్పలేదు. కోరుకొండ రోడ్డెక్కించారు. "స్వామికి చెప్పి వద్దాం" అన్నారు గాని, కొండ మెట్లు ఆవిడ మోకాళ్ళకి పడవు. కింద నుంచే దణ్ణం పెట్టుకుని, చెరుకురసం తాగి వచ్చాం. దారిలో ఒకచోట ఖాళీ రోడ్డు వచ్చినప్పుడు కారు ఆపి దిగి, ఇటువైపు తలుపు దగ్గరికి వచ్చారు. "జరుగు" అన్నారు. ఇంటిదాకా నేనే నడిపాను. గేరు మార్చిన ప్రతిసారీ ఏదో ఒక తప్పు పట్టారు.

మా ఆయన కొత్త కారు వచ్చింది. అది వీధిలో టార్పాలిన్ కింద ఉంటోంది. మెకానిక్ అప్పుడప్పుడూ ఎక్కడివో పాత కార్బొరేటర్లు సంచిలో వేసుకుని ఆదివారాలు వస్తాడు. ఒక షరతు పెట్టాను: నేను విప్పినప్పుడు పక్కన కూర్చుని నేర్చుకోవాలి, ఊరికే ఇచ్చి పోతే కుదరదు. కూర్చుంటున్నాడు.

కిందటి నెల ఒక ఉదయం మా ఆయన గేటు ముందు నేల కడగడానికి అడ్డంగా ఉందని ఎర్ర కారుని స్టార్ట్ చేసి రెండడుగులు వెనక్కి జరిపి ఆపేశారు. చల్లటి ఇంజిన్‌ని అలా తిప్పి వెంటనే ఆపితే లోపల పెట్రోల్ నిండిపోతుంది. నేను అందులో కాలేజీకి బయల్దేరబోతుంటే స్టార్ట్ కాలేదు.

"ఎవరు కదిపారు?" అన్నారు అత్తగారు వరండాలోంచి.

నేను బస్సుకి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ప్లగ్గు స్పానర్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఫ్యూజ్ పీకండి. నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టుకోండి."

"ఇప్పుడా? నాకు బ్యాంకుకి టైమైపోతోంది."

"నాకూ కాలేజీకి టైమైపోతోంది."

ఆయన తెల్ల చొక్కా చేతులు మడిచారు. రెండో ప్లగ్గు జారి చేతిలోంచి పడింది. తీసుకున్నారు. అరగంట పట్టింది. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని యాక్సిలరేటర్ నేలకి తొక్కి తాళం తిప్పితే, తెల్లటి పొగ కొత్త కారు టార్పాలిన్ మీదుగా ఎదురింటి బాల్కనీ దాకా వెళ్ళింది. నేను అద్దంలో మట్టం చూసి, బానెట్ వేసి, ఆయన్ని దిగమన్నాను. నా బ్యాగు పక్క సీట్లో పెట్టుకుని కారు రివర్స్ చేశాను.